తిరగలి ఇంజనుకి కాళ్ళ నీళ్ళు

బహుళ పాడ్యమి

ఇంజను మా ఇంటికి వచ్చింది. ఈ పక్షం వంతు మాది. నిన్నటి పౌర్ణమి పోటుకి మొగలిలంక మునగలేదు గానీ, మునగడానికి వేలెడు కూడా మిగల్లేదు. పోయిన వంతు వాళ్ళు, ఇంజనుతో పాటు ఇంటింటికీ తిరిగే ఈ వంతు పుస్తకంలో ఆ మాట ఎత్తకుండా "అంతా క్షేమం" అని రాసి ఊరుకున్నారు. నేను అలా రాయను. నా తర్వాత వంతు సూరప్ప మావయ్యది. ఆయన చదివి జడుసుకున్నా సరే, ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

మోసుకొచ్చింది నలుగురు. అందులో మా ఆయన అబ్బులు ఒకడు. మోకాలి లోతు బురదలో దిగబడుతూ వచ్చారు. పెరట్లో కాలవ ఒడ్డున ఉన్న సిమెంటు దిమ్మ మీద ఇంజనుని దించగానే మా అత్త పల్లాలమ్మ నూతిలో చేద వేసి, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు తెచ్చింది. నేను గరాటు పట్టుకున్నాను. చెంబెడు నీళ్ళూ ఇంజను రేడియేటర్లో పోసింది. వీటిని కాళ్ళ నీళ్ళు అంటారు. గడప తొక్కిన అల్లుడికి కాళ్ళకి నీళ్ళిస్తాం కదా, లంకని నిలబెడుతున్న ఇంజనుకి ఆపాటి మర్యాద చెయ్యొద్దా అని పెద్దవాళ్ళు పెట్టిన ఆచారం. అందుకే లంకలో దాని పేరు కూడా అల్లుడే.

అల్లుడికి మర్యాద అయింది. మోసిన నలుగురూ కాలవలో కాళ్ళు జాడించుకుని గట్టు పనికి పోయారు.

బహుళ చవితి

గట్టు లస్కరు బుల్లియ్య వచ్చాడు. గట్టు మీద తిరిగి గండ్లు చూడటం, గేజి రాయి దగ్గర నీటిమట్టం చదివి వైర్లెస్‌లో పైవాళ్ళకి చెప్పడం అతని ఉద్యోగం. నాకు వరసకి అన్నయ్య. మజ్జిగ అడిగాడు గానీ తాగలేదు. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఏంటన్నయ్యా, మజ్జిగలో ఈగేమైనా పడిందా?"

"అది కాదు చెల్లెమ్మా. పైనుంచి కబురొచ్చింది. వచ్చే అమాస పోటు మొన్నటి పున్నం పోటు కంటే జానెడు ఎత్తొత్తాదంట."

"జానెడా?"

"ఆయ్. జానెడు."

పౌర్ణమికి వేలెడు మిగల్లేదు. ఇప్పుడు జానెడంట. గట్టు ఎంత ఆపినా అడుగు నుంచి సముద్రం ఊరుతూనే ఉంటుంది. ఊరిన నీటిని ఇంజను తోడి బయట పొయ్యాలి. తోడలేకపోతే లోపలి నీరు గేజి రాయి మీది ఎర్రగీతని తాకుతుంది. గీత తడిస్తే బుల్లియ్య జెండా ఎత్తాలి. జెండా ఎత్తితే తరలింపు పడవలు వస్తాయి, మనిషికో మూటతో అందరినీ మెట్ట శిబిరానికి తీసుకుపోతాయి.

"నువ్వు ఎత్తకుండా ఉండలేవా?" అని అడిగాను. అడగకూడదని తెలిసే అడిగాను.

"కొత్తలంకలో మా తోడల్లుడు కూడా లస్కరే. ఒక్క పూట ఆగి చూద్దారన్నాడు. ఆ పూటలో..." అని, మాట ఆపేసి మజ్జిగ గడగడా తాగేశాడు. "ఎత్తుతాను చెల్లెమ్మా. నన్ను తిట్టుకోకు."

తిట్టుకోను. కొత్తలంక వాళ్ళ వంటిళ్ళలో ఇప్పుడు జెల్ల చేపలు తిరుగుతున్నాయని మాకు తెలుసు. శిబిరానికి పోయినవాళ్ళు ఒక్కరూ తిరిగి రాలేదు. నాకు మాత్రం శిబిరం వద్దు. ఈ ఉప్పు నేలలో నేను నాటిన మునగ మొక్క నడుం ఎత్తుకి వచ్చింది. దాని కాయ పులుసులో వేసుకుని తినేదాకా ఇక్కడి నుంచి కదలను.

బహుళ షష్ఠి

పెళ్ళికి ముందు మా నాన్న పడవల షెడ్డులో ఇంజన్లు విప్పి బిగించిన దాన్ని. రెండు రోజులు దీని చుట్టూ తిరిగాను. పంపుకి పెద్ద పుల్లీ వేసి వేగం పెంచబోతే ఇంజను ఒక చోటికి వచ్చి ఆగిపోతోంది. దాన్ని నడిపే తాటి స్పిరిట్ ఎంత వదిలినా అంతే. శక్తి లేక కాదు, ఊపిరి చాలక.

దీనిలో పిస్టన్లు లేవు. మూడు మూలల రోటరు ఒకటి, ఇనుప గూటిలో తిరగలిలా తిరుగుతుంది. గూటికి అటొకటి ఇటొకటి పక్క పలకలు. ఒక్కో పలకకి ఒక్కో ఇన్‌టేక్ పోర్టు, అంటే గాలీ స్పిరిట్ ఆవిరీ లోపలికి పోయే కన్నం. రోటరు తిరుగుతూ ఆ కన్నాన్ని తనే తెరుస్తుంది, తనే మూస్తుంది. కన్నం పై అంచుని కాస్త కోసి పెంచితే మూసుకోవడం ఆలస్యం అవుతుంది, ఇంకో గుక్కెడు గాలి లోపల పడుతుంది. మెల్లగా తిరగమంటే అప్పుడు మొరాయిస్తుంది గానీ, పరుగెత్తమంటే పరుగెత్తుతుంది. మాకు కావలసింది పరుగే.

చిక్కల్లా కోతలో ఉంది. పోర్టు గోడకి ఆనుకునే నీళ్ళు తిరిగే దారి ఉంటుంది. గోడ చిల్లు పడితే నీళ్ళు ఇంజను లోపలికి పోతాయి. లంకలో ఉన్నది ఈ ఒక్క ఇంజనే. కోసిన ఇనుము మళ్ళీ రాదు.

మా అత్త వంతుపెద్ద కూడా. ఇంజను ఎప్పుడు ఎవరింటికి పోవాలో ఆవిడ మాటే మాట. వక్కలు కత్తిరిస్తుంటే చెప్పాను.

"ఏమ్మే, అల్లుడి ముక్కు కోత్తానంటావా?"

"కొయ్యను అత్తా. పెద్దది చేత్తాను."

"తీసుకున్నది తీసుకున్నట్టే ఒప్పజెప్పాలి. అదీ వంతంటే. వంతుపెద్ద ఇంట్లోనే ఇలాగైతే రేపు ఎవడింట్లో ఏం కోత్తాడో? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?"

"అమాసకి అడుసు మన మంచం కిందకే వత్తాది. తొక్కనంటే ఊరుకుంటాదా?"

అత్త అడకత్తెర పక్కన పెట్టింది. ఆవిడకి కోపం వస్తే మాట తగ్గుతుంది. "ఆ గోడ ఎంత మందం ఉందో తెలుసా నీకు?" అంది.

తెలుసుకున్నాను. అల్లుడితో పాటు కవల ఇంజను ఒకటి వచ్చింది. వచ్చిన రోజే పడవలోంచి దింపుతుంటే జారిపడి పగిలింది. ఒక్క ఇంటి వంతు కూడా తిరగలేదు. దాని పలక షెడ్డులో పడి ఉంటే తెచ్చి, పోర్టు దగ్గర రంపంతో అడ్డంగా కోసి చూశాను. గోడ నా చిటికెన వేలంత మందం ఉంది. నేను కోసేది అందులో సగం లోపు. మిగిలేది చాలు.

కోసిన ముక్క అత్త చేతిలో పెట్టాను. తిప్పి తిప్పి చూసి, "చెడితే మాత్రం జనానికి నువ్వే చెప్పుకో" అంది. ఒప్పుకున్నట్టే.

బహుళ అష్టమి

అష్టమికి సముద్రానికి బద్ధకం. పోటూ అంతంతే, పాటూ అంతంతే. ఇంజను ఆపాలంటే ఇవే రోజులు. ఆపినన్నాళ్ళూ మగవాళ్ళు వంతులేసుకుని గూడలతో నీళ్ళు తోడుతున్నారు. పొద్దున్న నుంచి ఆ తాళ్ళు లాగే చప్పుడు వింటూనే పని చేశాను. వాళ్ళ రెక్కలు పడిపోయేలోపు నేను ముగించాలి.

రేడియేటరు నీళ్ళు తొట్టిలోకి వంపాను. ఎర్రటి మడ్డి వచ్చింది. వయసు మీదపడిన ఇంజను కదా, తుప్పు ఉండదా అనుకున్నాను. పలకలు విప్పి అరుగు మీద పరిచి, పోర్టు చుట్టూ బట్టల నీలిమందు పూశాను. నూనె డబ్బా రేకుతో చేసిన నమూనా పెట్టి, మేకు మొనతో గీత గీశాను. నీలంలో తెల్లటి సన్న గీత. గీత దాటకూడదు. ఇక చేతి గ్రైండరూ, నేనూ.

ఇనుము కోస్తుంటే చెయ్యి తొందరపడుతుంది. గ్రైండరు బిట్టు చేతిని పట్టుకుని లాగేస్తూ, ఇంకా పోదాం పద అన్నట్టు ఉంటుంది. అప్పుడే ఆగాలి. ఆగి, బొటనవేలితో తడిమి, నీలం ఎంత మిగిలిందో చూసి మళ్ళీ మొదలుపెట్టాలి. సాయంత్రానికి మోచేతుల దాకా నల్లబడ్డాను. అబ్బులు గూడ దగ్గర నుంచి వచ్చి, నన్ను చూసి, "బొగ్గుల బట్టీలో పనికెల్లావేంటే?" అన్నాడు. నవ్వే ఓపిక ఇద్దరికీ లేదు.

బహుళ నవమి

ముందు పలక పూర్తయింది. అంచులు సానరాయితో నున్నగా చేశాను. కొత్త అంచు గీతకి ఒక వెంట్రుక లోపలే ఉంది. నా పనికి నేనే మురిసిపోయి అత్తని పిలిచి చూపించాను. ఆవిడ వేలు పెట్టి తడిమి, "బాగానే ఉందిలే" అంది. మా అత్త నోట ఆ మాట రావడం నా పెళ్ళయ్యాక ఇది రెండోసారి.

బహుళ దశమి

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాయాలి.

వెనక పలక ముట్టుకునే ముందు, కోసిన గోడ నీళ్ళు ఆపుతోందో లేదో చూడాలి. మంచినీళ్ళు వృథా ఎందుకని మొన్న వంపిన తొట్టి నీళ్ళే ముందు పలక నీళ్ళ దారిలో నింపి, ఎండలో పెట్టి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి కోసిన చోట, మెరుస్తున్న ఇనుము మీద ఒక చుక్క కనిపించింది. నా నుదుటి నుంచి పడింది అనుకుని తుడిచాను. మళ్ళీ వచ్చింది. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉంది. చెమటా ఉప్పే కదా అని మనసుకి సర్ది చెప్పుకుని, నీడలోకి జరిగి, మొహం తుడుచుకుని, దూరంగా కూర్చుని చూశాను.

మళ్ళీ వచ్చింది. చిల్లు లేదు. కంటికి కనిపించని సందులోంచి ఇనుమే చెమరుస్తోంది. ఈ గోడతో బిగిస్తే ఇంజను పూట కూడా నిలవదు.

సగం మందం మిగలాలి. రంపంతో కోసి చూశాను, నా కళ్ళతో కొలిచాను. ఎక్కడ తప్పానో తెలియక బుర్ర పనిచెయ్యలేదు. అబ్బులు వచ్చి చూసి, "కొండనాలిక్కి మందేత్తే ఉన్న నాలిక ఊడినట్టయ్యింది" అన్నాడు. అని, నా మొహం చూసి, అననట్టే గూడ దగ్గరికి పోయాడు.

బహుళ ఏకాదశి

పొద్దున్నే తట్టింది. ఆ చుక్క ఉప్పగా ఎందుకుండాలి?

ఇంజనులో వాన నీళ్ళే పొయ్యాలని లంకలో అందరికీ తెలుసు. వాన కుండల్లోంచి కొలిచి పోస్తాం. తొట్టి దగ్గరికి పరుగెత్తి దోసిలి పట్టి రుచి చూశాను. ఉప్పు. నోరు పుక్కిలించి, అక్కడే కూలబడ్డాను.

కాళ్ళ నీళ్ళు.

ఇంటింటికీ ఒక చెంబు. ఎవరి నూతి నీళ్ళు వాళ్ళు. ఆచారం పెట్టిన రోజుల్లో నూతులు తియ్యగా ఉండేవి. ఆ తర్వాత ఒక్కొక్కటే ఉప్పుబారాయి. ఇప్పుడు ఆ నీళ్ళతో అంట్లు కూడా తోమం. కానీ ఇంజను వచ్చిన రోజున మాత్రం ఎవరూ వాన కుండ వైపు చూడరు. వాన నీళ్ళు పోస్తే మా నుయ్యి చచ్చింది అని నలుగురిలో ఒప్పుకున్నట్టే కదా. నుయ్యి చచ్చిన ఇల్లు ఇల్లు కాదని మావాళ్ళ నమ్మకం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. ఇన్నేళ్ళుగా మర్యాద పేరుతో ఇంజను కడుపులో ఉప్పు పోస్తూ వచ్చాం. అది లోపల నుంచి గోడని తినేసింది. కవల ఇంజను ఒక్క వంతూ తిరగలేదు, దాని గోడ చిటికెన వేలంత అలాగే ఉంది.

ఇనుముకి ఉప్పు పడదని పదిమందికి చెప్పేదాన్ని. పాడ్యమి నాడు గరాటు పట్టుకున్నది కూడా నేనే.

అత్త ఏకాదశి ఉపవాసంలో ఉంది, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. ముందు గదిలో గోడకి ఆనుకుని కూర్చుంటే, పలక తెచ్చి ముందు పెట్టి అంతా చెప్పాను. మెల్లగా చెబుదామనుకున్నాను గానీ గొంతు పెరిగిపోయింది.

"ఆ ఆచారం పెట్టింది మా మావగారు" అంది అత్త.

"ఆయన తియ్యటి నీళ్ళు పొయ్యమన్నారు అత్తా. ఉప్పు నీళ్ళు కాదు."

ఆవిడ పలక మీదికి వంగింది. ఆ చుక్క ఇంకా ఊరుతోంది. చీర చెంగుతో దాన్ని అద్దింది. మళ్ళీ ఊరింది. "బాగుచెయ్యగలవా?" అని అడిగింది.

దారి ఒక్కటే. నీళ్ళ దారి వైపు నుంచి ఆ గోడ వెనక పడవలకి వేసే ఎపాక్సీ బంక దట్టంగా దట్టించాలి. కానీ ఉప్పు ఉన్న చోట అది పట్టదు, ఊడొస్తుంది. లోపలి ఉప్పంతా పోయేదాకా మంచినీళ్ళతో కడిగి కడిగి, ఎండలో ఎండబెట్టాలి. దానికి రెండు కాగుల వాన నీళ్ళు కావాలి. వానలకి ఇంకా నెల పైనే ఉంది. మా ఇంట్లో ఉన్నవి తాగడానికే అరకొర. ఇంటికి ఒక చెంబు ఇస్తే సరిపోతాయి.

"ఇత్తారు. ఎందుకియ్యరు" అంది అత్త. కానీ కళ్ళెత్తి నా వైపు చూడలేదు.

బహుళ ద్వాదశి

పొద్దున్నే బిందె పట్టుకుని బయలుదేరాను. మొదటి ఇల్లు సూరప్ప మావయ్యది. సంగతి చెప్పాను. నూతి నీళ్ళ వల్లే అని చెప్పేసరికి ఆయన మొహం మారిపోయింది.

"మీ నూతి సంగతి నాకు తెల్దు. మా నూతి నీళ్ళు తియ్యగానే ఉంటాయి. కావాలంటే రెండు బిందెలు తోడుకెల్లు. వాన నీళ్ళెందుకు?"

"మావయ్యా, నీ నూతి నీళ్ళు నీ గేదె కూడా తాగదు."

"నోరు జారకమ్మాయ్. మా ఇంటి నుయ్యిని అనడానికి నువ్వెవరు?"

తర్వాతి ఇంట్లోనూ అదే మాట. ఆ తర్వాతి ఇంట్లోనూ. ఎక్కడికి పోయినా నూతి గట్టు చూపించి ఎంత కావాలంటే అంత తోడుకోమన్నారు. ఒక్కరూ వాన కుండ మూత తియ్యలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. మూడు రోజుల్లో ఊరు మునగబోతుంటే వీళ్ళకి నూతి పరువు కావలసి వచ్చింది. ఖాళీ బిందెతో తిరిగి వస్తుంటే అత్త ఎదురయ్యింది. చేతిలో ఇత్తడి చెంబు. మా నూతి నీళ్ళు.

"పద" అంది.

నేరుగా సూరప్ప అరుగు దగ్గరికి నడిచింది. వంతుపెద్ద వస్తోందని అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. సూరప్ప లేచి నిలబడ్డాడు.

"ఒరే సూరప్పా, నిన్న ఏకాదశి. నా నోట్లో చుక్క నీరు పడలేదు. ఇప్పుడు పారణ చేసుకుంటన్నాను. చూడు."

చెంబెత్తి తాగింది. రెండు గుక్కలు మింగింది. మూడో గుక్క నిలవక అరుగు పక్కన ఉమ్మేసి, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే చెంగుతో మూతి తుడుచుకుంది. నేను పట్టుకోబోతే చెయ్యి విదిలించింది.

"మా నుయ్యి చచ్చిపోయింది" అంది, వీధి చివరిదాకా వినపడేలా. "పదేళ్ళయ్యింది చచ్చి. పల్లాలమ్మ నూతిలో ఉన్నది సముద్రం. నీది బతికే ఉంటే నువ్వూ ఒక గుక్క తాగి చూపించరా. నీ నూతివే, నీ చేత్తోనే తోడుకో. నువ్వు తాగితే మేం ఎల్లిపోతాం."

సూరప్ప తన నూతి వైపు నడిచాడు. చేద వేశాడు. పైకి లాగి, దోసిలి పట్టి, మూతి దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఆయన పెళ్ళాం గుమ్మంలో నిలబడి చూస్తోంది. దోసిట్లో నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారిపోయేదాకా అలాగే నిలబడ్డాడు. తర్వాత లోపలికి పోయి వాన కుండే ఎత్తుకొచ్చి నా బిందెలో వంచాడు. చెంబు అడిగితే కుండలో సగం పోశాడు.

ఆ తర్వాత నేను ఏ ఇంటి తలుపూ తట్టలేదు. వాళ్ళే వచ్చి పోసిపోయారు. మధ్యాహ్నం దాకా అత్త మా అరుగు మీదే కూర్చుంది. వచ్చిన ప్రతివాళ్ళనీ, "మీది ఎప్పుడు చచ్చింది?" అని అడిగింది. ఒక్కొక్కరూ చెప్పారు. కొందరు ఏడ్చారు.

బహుళ త్రయోదశి

కడగడం, ఎండబెట్టడం, రుచి చూడటం. కడిగిన నీళ్ళు ప్రతిసారీ నాలిక మీద వేసుకున్నాను. చప్పబడేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాయంత్రానికి రెండు పలకలకీ గోడ వెనక ఎపాక్సీ కూరాను. వెనక పలకకి ముందు కట్టు కట్టి, కోత తర్వాత పెట్టుకున్నాను. అనుభవం అయ్యాక తెలివి రాక చస్తుందా.

పోటు పెరుగుతోంది. గూడలు చాలడం లేదు. అబ్బులు అన్నం తింటూ కూర్చున్నచోటే నిద్రపోయాడు.

బహుళ చతుర్దశి

వెనక పలక కోశాను. ఈసారి గీత దాకా పోలేదు, ముందే ఆగాను. రెండు పలకల్లోనూ నీళ్ళు నింపి చూశాను. చెమ్మ రాలేదు. ఇంకాసేపు చూశాను. రాలేదు. రాలేదు అని పైకే అన్నట్టున్నాను, అత్త వంటింట్లోంచి "ఏంటి?" అంది.

మధ్యాహ్నం బిగించాం. తాడు లాగితే పట్టింది గానీ, మెల్లగా ఉంచితే దగ్గి ఆగిపోతోంది. వేగం పెంచితే మాత్రం ఇదివరకు ఆగే చోటు దాటి, ఇంకా పైకి లేచింది. గొంతే మారిపోయింది. గేదె కింద దూడ పరుగెత్తుకొచ్చి కట్టుకొయ్య దగ్గర నక్కింది.

ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికి ఇంకో రోజు కావాలి. ఆ రోజు మాకు లేదు.

అమావాస్య

పొద్దున పోటుతో మొదలైంది. సముద్రం గట్టు అంచుని తాకుతున్న చప్పుడు పెరట్లోకి వినిపించింది. కాలవ నీరు కళ్ళ ముందే లేచింది. గేజి రాయి మా దిమ్మ దగ్గర నుంచి కనిపిస్తుంది. బుల్లియ్య దాని పక్కన, చుట్టిన జెండా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ళు మూటలు కట్టి గుమ్మాల్లో పెట్టారు. మా అత్త కట్టలేదు. నేను కట్టాను, రాస్తున్నాను కదా నిజం, కట్టాను.

ఇంజను పూర్తి వేగంలో ఉంది. నేను పొగగొట్టం మీద నుంచి కళ్ళు తియ్యలేదు. తెల్ల పొగ వస్తే గోడ పోయినట్టు, నీళ్ళు లోపల పడుతున్నట్టు. అబ్బులు పంపు గొట్టం దగ్గర. సూరప్ప మావయ్య పిలవకుండానే వచ్చి, రేడియేటరు దగ్గర వెదురు పుల్ల పట్టుకుని కూర్చున్నాడు, నీళ్ళు తగ్గుతున్నాయేమో చూడటానికి.

పోటు నిండు మీద ఉండగా తెల్ల పొగ వచ్చింది.

నా చెయ్యి స్పిరిట్ కుళాయి మీదికి పోయింది. ఆపితే గోడ చూడొచ్చు, కానీ గీత తడుస్తుంది. ఆపకపోతే, చిల్లే అయితే, ఇంజను మొత్తం పోతుంది. ఇదివరకైతే ఒక చుక్క రుచి చూస్తే తెలిసేది. ఇప్పుడు లోపల ఉన్నవి వాన నీళ్ళు, నాలిక ఏమీ చెప్పదు.

"మావయ్యా, నీళ్ళు?"

"తగ్గలేదు."

"సరిగ్గా చూడు."

"చూత్తన్నానమ్మా. పుల్ల మీద గుర్తు గుర్తులాగే ఉంది. తగ్గలేదు, నన్ను నమ్ము."

కుళాయి వదిలేసి, వంగి చూశాను. పంపు గొట్టం అతుకు దగ్గర సన్నగా చీలి, నీటి తుంపర కాలుతున్న పొగగొట్టం మీద పడుతోంది. తెల్లటి ఆవిరి దానిదే. "అతుకు" అని అరిస్తే అబ్బులు గోనెపట్టా చుట్టి రెండు చేతులతో పట్టుకున్నాడు. తెల్లపొగ ఆగింది. ఆయన ఆ అతుకుని పోటు తీసేదాకా వదల్లేదు.

బుల్లియ్య జెండా తాడు విప్పడం చూశాను. గుడ్డ సగం జారింది. అతను వంగి గీతని చూస్తున్నాడు. ఇంజను చప్పుడొకటే. అతను అలా వంగే ఉన్నాడు, ఎంతసేపో. తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని గీత మీద వేలు పెట్టి, ఆ వేలు చూసుకున్నాడు. జెండా మళ్ళీ చుట్టి కింద పెట్టి, దాని మీద కూర్చుని వైర్లెస్ తీశాడు.

"మొగలిలంక. గీత పొడిగా ఉందండి. ఆయ్. పొడిగానే ఉంది."

శుద్ధ పాడ్యమి

సూరప్ప మావయ్యా, ఇక వంతు నీది. దీన్ని మెల్లగా తిప్పకు, ఆగిపోతుంది. తిప్పితే పూర్తి వేగం, లేకపోతే విశ్రాంతి. రేడియేటరు వాన నీళ్ళతో నిండుగా ఉంది. ముందు పలక దగ్గర రోజూ వేలు పెట్టి చూడు. ఈ గోడలు ఎన్నాళ్ళుంటాయో నేను చెప్పలేను. పౌర్ణమికైతే ఉంటాయి.

ఇంత రాసి కట్టెయ్యాలనుకున్నాను. కానీ ఒప్పజెప్పడానికి నేనూ అత్తా ఇంజను వెంట వెళ్ళాం కాబట్టి ఇంకో మాట రాస్తున్నాను.

నలుగురూ బురదలో మోసుకుంటూ వెళ్ళారు. సూరప్ప మావయ్య అలవాటు కొద్దీ చెంబు పట్టుకుని గుమ్మంలో ఎదురు నిలబడ్డాడు. ఈసారి వాన నీళ్ళు. ఇంజనుని దిమ్మ మీద దించారు. ఆయన చెంబెత్తి, రేడియేటరు నిండుగా ఉండటం చూసి, ఎక్కడ పొయ్యాలో తెలియక వంతుపెద్ద వైపు చూశాడు. అప్పటికే నలుగురూ కాలవ వైపు తిరిగారు.

"అల్లుడికి దాహం లేదు" అంది అత్త. "ఇన్నేళ్ళూ ఆయన్ని మోసినోళ్ళకి కాళ్ళకి నీళ్ళిచ్చినోళ్ళం కాదు. ఆ చెంబు వాళ్ళకియ్యి."

అబ్బులు వెనక్కి జరిగాడు. "తాగే నీళ్ళు మామా. కాళ్ళకేంటి, వద్దు."

"కడుక్కోండిరా" అన్నాడు సూరప్ప.

నలుగురూ వరసగా అరుగు అంచున నిలబడ్డారు. వాన నీళ్ళతో కాళ్ళు కడుక్కోవడం లంకలో ఎవరూ చూసి ఎరగరు. పిల్లలు పరుగెత్తుకొచ్చారు. చెంబు చేతులు మారి చివరికి అబ్బులు దగ్గరికి వచ్చింది. బురద పోయాక చూశాను. మడమలు రెండూ ఉప్పుకి తినేసి, నిలువునా పగిలి, లోపలి ఎరుపు కనిపిస్తోంది. ఇంజను గోడ మందం ఎంతో రంపంతో కోసి మరీ చూసినదాన్ని, ఒకే ఇంట్లో ఉంటూ ఆ కాళ్ళు ఎప్పుడూ చూడలేదు.

చెంబు ఆయన చేతిలోంచి తీసుకుని, అడుగున మిగిలిన నీళ్ళు నేనే పోశాను.